ఇల్లూ పనిముట్లూ: నీళ్ళతో కోసే టైల్స్ కట్టర్ కొనేముందు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా టైల్స్ కోత మీదే. కొన్ని కలిపి, కొన్ని విడివిడిగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: రెండు బెడ్రూముల ఇల్లు కట్టుకుంటున్నాం. కింద 2×2 అడుగుల వెట్రిఫైడ్ టైల్సు, బాత్రూమ్ గోడలకు 12×18 అంగుళాల సిరామిక్ టైల్సు. బేల్దారి తన మార్బుల్ కట్టర్‌తో పొడిగానే కోస్తున్నాడు. ఇల్లంతా దుమ్ము, అంచులన్నీ పెచ్చులు. మేమే ఒక నీళ్ళ కట్టర్ కొనిద్దామని అంగడికి పోతే 1400 వాట్ల చేతి కట్టర్, 800 వాట్ల టేబుల్ కట్టర్ చూపించారు. ధర తక్కువ, వాట్లు ఎక్కువ ఉన్న చేతి కట్టరే మేలు కదా? (కొర్లగుంట, తిరుపతి)

జవాబు: ఈ రెంటినీ వాట్లతో పోల్చకండి. లోపల మోటార్లే వేరు. చేతి మార్బుల్ కట్టర్‌లో మిక్సీలో ఉన్నట్టు కార్బన్ బ్రష్షుల మోటారు ఉంటుంది. 110 మి.మీ. బ్లేడును నిమిషానికి 12,000 నుంచి 13,000 చుట్లు తిప్పుతుంది. టేబుల్ కట్టర్‌లో నీళ్ళ పంపుకు ఉండేలాంటి ఇండక్షన్ మోటారు. అది 180 మి.మీ. బ్లేడును 2,950 చుట్ల దగ్గర తిప్పుతుంది. లెక్క వేసి చూస్తే బ్లేడు అంచు వేగం చేతి కట్టర్‌లో సెకనుకు 75 మీటర్ల దాకా పోతుంది, టేబుల్ కట్టర్‌లో 28 మీటర్లు దాటదు. నిదానంగా తిరిగే బ్లేడు నీళ్ళను చిమ్మేయకుండా తనతోపాటు కోత దగ్గరికి మోసుకుపోతుంది. బ్లేడు స్థిరంగా ఉండి టైల్ మన చేతిలో కదులుతుంది కాబట్టి గీత కూడా తిన్నగా వస్తుంది. పెచ్చులు తగ్గేది ఈ రెండు కారణాల వల్లే, వాట్ల వల్ల కాదు.

ఇక మీ ఇంటి సంగతి. ఒక్క ఇంటికోసమే అయితే టేబుల్ కట్టర్ అక్కర్లేదని మా అభిప్రాయం. నీళ్ళ గొట్టం తగిలించుకునే ముక్కు ఉన్న చేతి కట్టర్ ఒకటి, దానికి మంచి బ్లేడు ఒకటి తీసుకోండి. చేతి కట్టర్లు సుమారు రెండు వేల నుంచి ఐదు వేల లోపు దొరుకుతాయి. టేబుల్ కట్టర్ ఎంత చౌకదైనా దానికి రెండు మూడు రెట్లవుతుంది. బాత్రూమ్ గోడల సిరామిక్ టైల్సుకు అసలు కరెంటే వద్దు. చిన్న చక్రంతో గీత గీసి వత్తితే విరిగే మాన్యువల్ కట్టర్ చాలు. దుమ్ము లేదు, చప్పుడు లేదు. అంగుళం కన్నా సన్నని పట్టీలు, ఎల్ ఆకారపు ముక్కలు మాత్రం దానితో రావు. వాటికి చేతి కట్టరే దిక్కు.

టేబుల్ కట్టర్ ఎవరికి గిట్టుబాటంటే, స్కర్టింగ్ పట్టీలు (గోడ అడుగున నేలను ఆనుకుని వేసేవి) ఎక్కువ కోసేవాళ్ళకు, మూలల్లో 45 డిగ్రీల అంచు కలిపేవాళ్ళకు, ఏడాదికి మూడు నాలుగు ఇళ్ళ పని పట్టేవాళ్ళకు.

అంగట్లో ఏది చూసినా పెట్టె మీది బొమ్మ చూసి తృప్తి పడకుండా మిషన్ బయటికి తీయించండి. ప్లగ్గు పెట్టక ముందే ఒక పరీక్ష ఉంది. పెన్సిల్ మొనను బ్లేడు పక్క అంచుకు ఆనీ ఆననట్టు పెట్టి, బ్లేడును చేత్తో ఒక చుట్టు తిప్పండి. మొనకూ బ్లేడుకూ మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ కనిపిస్తే బ్లేడు వంకరైనా అయ్యుండాలి, షాఫ్టు వంకరైనా అయ్యుండాలి. ఇంకో బ్లేడు వేయించి మళ్ళీ తిప్పండి. అప్పటికీ ఊగితే ఆ మిషన్ వద్దు. అర మిల్లీమీటరు ఊగినా ఇంటికొచ్చాక ప్రతి టైల్ అంచులోనూ కనబడుతుంది.

చేతి కట్టర్‌లో అడుగు ప్లేటు ముఖ్యం. పలచని రేకు ప్లేటు ఒకసారి కిందపడితే వంగిపోతుంది, ఆ తర్వాత ఏ కోతా తిన్నగా రాదు. పోత అల్యూమినియం ప్లేటైతే మేలు. లోతు సరిచేసే బోల్టును బిగించి ప్లేటును ఊపి చూడండి. టేబుల్ కట్టర్‌లో గైడు పట్టీ రెండు చివర్లా బిగుసుకోవాలి. ఒక చివరే బిగిసి రెండోది వదులుగా ఆడేవి చౌక రకాల్లో ఎక్కువ. చేతి కట్టర్‌కు కార్బన్ బ్రష్షులు, రెంటికీ బ్లేడును పట్టే వాషర్లు విడిగా దొరుకుతాయా అని అక్కడే అడగండి. బ్రష్షులు దొరకవంటే ఆ చేతి కట్టర్ ఆయుష్షు ఒక జత బ్రష్షులంత.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 600 వాట్ల టేబుల్ కట్టర్ తెప్పించాను. స్కర్టింగ్ కోస్తుంటే ఇరవై నిమిషాలకు మోటారు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఆగిపోయింది. చల్లారాక మళ్ళీ తిరిగింది. అడిగితే వాడే పద్ధతి తప్పంటున్నారు. మోటారు దగ్గరున్న చిన్న ప్లేటు మీద ఎస్2, 10 నిమిషాలు అని ఉంది. అదేంటి? (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

జవాబు: మీ ప్రశ్నకు జవాబు ఆ ప్లేటు మీదే ఉంది. మోటారు ఎంతసేపు పనిచేయగలదో చెప్పే గుర్తు అది. ఎస్1 అంటే ఆపకుండా నడపొచ్చు. ఎస్2, 10 నిమిషాలు అంటే పూర్తి లోడు మీద పది నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారేదాకా ఆపాలి. ఎస్6 అని శాతంతో రాసి ఉంటే తిరుగుతూనే ఉండొచ్చు గానీ లోడు పడే సమయం ఆ శాతం లోపే ఉండాలి. ఎస్6 40 శాతం అంటే పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు కోత, ఆరు నిమిషాలు ఖాళీగా తిరగడం. ధర తక్కువ టేబుల్ కట్టర్లలో మోసం ఏదైనా ఉందంటే పెట్టె మీద 600 వాట్లని పెద్దక్షరాల్లో వేసి, ఈ మాటను మోటారు కింద చిన్నక్షరాల్లో పెట్టడమే.

మీ పనికి ఇది సరిపోతుందో లేదో లెక్క వేద్దాం. 10×12 అడుగుల గది చుట్టుకొలత 44 అడుగులు. మూడడుగుల వాకిలి తీసేస్తే 41, అంటే పన్నెండున్నర మీటర్లు. 600 మి.మీ. పొడవు పట్టీలు 21 కావాలి. 600 మి.మీ. టైల్‌ను ఆరు పట్టీలు చేస్తే ఐదు కోతలు. ఒక్కో కోతలో బ్లేడు సుమారు 2 మి.మీ. తినేస్తుంది కాబట్టి పట్టీ వెడల్పు నాలుగంగుళాలకు కాస్త తక్కువగా, 98 మి.మీ. వస్తుంది. (మొదటి పట్టీకి గైడును 100 దగ్గర పెట్టి కోసుకుంటూ పోతే చివరి పట్టీ 90కి పడిపోతుంది. గైడును 98 దగ్గర బిగించి మొదలుపెట్టండి.) 21 పట్టీలకు నాలుగు టైల్సు, మొత్తం 12 మీటర్ల కోత. 9 మి.మీ. వెట్రిఫైడ్‌ను ఈ సైజు మోటారుతో నిమిషానికి అర మీటరు కన్నా వేగంగా తోయకూడదు. అంటే ఒక గదికి 24 నిమిషాల కోత.

పది నిమిషాల మోటారుతో అది కనీసం మూడు విడతల పని. ఒక టైల్ అయిదు కోతలకు ఆరు నిమిషాలు. ఒక టైల్ కోసి ఆపండి, పట్టీల అంచులు రుద్దుకోండి, గోడకు కొలతలు తీసుకోండి, మోటారు మీద చెయ్యి హాయిగా నిలిచేదాకా ఆగి రెండోది మొదలుపెట్టండి. ఇలా నడిపితే ఈ మిషన్ పనికొస్తుంది. రోజంతా కోసే మేస్త్రీకి మాత్రం పనికిరాదు.

ప్రశ్న: వెట్రిఫైడ్‌కు ఏ బ్లేడు? కొత్త బ్లేడు మొదటి రోజు వెన్నలా కోసింది. రెండో రోజు నుంచి ముందుకు పోవడం లేదు, నీళ్ళు పోస్తున్నా నిప్పురవ్వలు. వజ్రం అరిగిపోయిందా? (శ్రీకాళహస్తి)

జవాబు: అరిగిపోలేదు, మూసుకుపోయింది. డైమండ్ బ్లేడు అంచులో వజ్రపు నలుసులు లోహపు పొడిలో కూరి ఉంటాయి. కోసేకొద్దీ లోహం అరిగి కొత్త నలుసులు బయటికి రావాలి. వెట్రిఫైడ్ టైల్ నీళ్ళు పీల్చేది అర శాతం లోపే. గాజులా గట్టిగా, నున్నగా ఉంటుంది కాబట్టి లోహాన్ని అరగనివ్వదు. పైకి తేలిన నలుసులు మొండిబారుతాయి, లోహం వాటి చుట్టూ అద్దంలా మెరుస్తుంది. అప్పుడు బలంగా తోస్తాం, బ్లేడు వేడెక్కుతుంది, రవ్వలు వస్తాయి. వేలితో అంచు తడిమి చూడండి, ప్లగ్గు తీశాకే. ఉప్పుకాగితంలా గరుగ్గా తగలాలి. గాజు గాజుగా ఉంటే మూసుకుపోయినట్టే.

మందు సులువు. పాత సిమెంటు ఇటుకలోగానీ, మెత్తని ఇసుకరాయిలోగానీ నీళ్ళు పోస్తూ పది పదిహేను గాళ్ళు కోయండి. ఇసుక లోహాన్ని గీరి కొత్త వజ్రాన్ని బయటికి తెస్తుంది. వెట్రిఫైడ్ కోసేటప్పుడు బ్లేడు మందగించినప్పుడల్లా ఈ పని చేయాల్సిందే.

కొనేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ అరుగుదల సూత్రమే. గట్టి టైల్‌కు మెత్తని లోహపు బ్లేడు, గరుకు ఇసుక సరుకుకు గట్టి లోహపు బ్లేడు. అందుకే సిమెంటు ఇటుకలకు అమ్మే బ్లేడు వెట్రిఫైడ్ మీద గంటలో మొండికేస్తుంది. పెట్టె మీద వెట్రిఫైడ్ అనో పోర్సిలిన్ అనో ఉన్నదే తీసుకోండి. ఆకారంలో మూడు రకాలు. అంచు ఎక్కడా తెగకుండా గుండ్రంగా ఉండేది నీళ్ళతోనే వాడాలి, అన్నిటికన్నా నున్నగా కోస్తుంది. అంచు మీద సన్నని వల గాళ్ళున్న టర్బో రకం చేతి కట్టర్‌కు బాగుంటుంది. మధ్య మధ్య తెగి పళ్ళలా ఉండేది గ్రానైటుకూ కాంక్రీటుకూ. మెరుగు టైల్ మీద దాన్ని పెట్టారా, అంచు ఎలుక కొరికినట్టే.

మధ్య రంధ్రం చూసుకోండి. 110 మి.మీ. మార్బుల్ కట్టర్‌కు 20 మి.మీ. రంధ్రం. నాలుగంగుళాల గ్రైండర్ బ్లేడుకు 16. టేబుల్ కట్టర్లలో కంపెనీని బట్టి మారుతుంది, పాత బ్లేడు చేత పట్టుకుని పోవడమే మంచిది. రంధ్రం పెద్దదైతే దానికి సరిపడే రింగు వేయాలి గానీ టేపు చుట్టి బిగించకూడదు. బ్లేడు మీద అచ్చైన గరిష్ఠ చుట్ల సంఖ్య మీ మిషన్ చుట్ల కన్నా ఎక్కువుండాలి. తిరిగే దిక్కు బాణాన్ని తిరగేసి బిగించడం కూడా చాలామంది చేసే పొరపాటే.

బ్లేడు బాగున్నా చివరి రెండంగుళాల్లో టైల్ మూల విరిగిపోతోందని ఇంకొందరు రాశారు. తెగిన ముక్క బరువుకు కిందికి వాలడం వల్ల వచ్చే తంటా అది. అవతలి కొస నుంచి ముందుగా 50 మి.మీ. కోసుకుని, టైల్ తిప్పి ఈ కొస నుంచి కలపండి. చేతి కట్టర్‌లో బ్లేడు ముందుభాగం కింది నుంచి పైకి లేస్తూ కోస్తుంది కాబట్టి పెచ్చులు మెరుగు వైపే లేస్తాయి. గీత మీద కాగితపు టేపు అంటించి, మొదటిసారి 2 మి.మీ. లోతు గాడి తీసి, రెండోసారి పూర్తిగా తెగేదాకా కోయండి. టేబుల్ కట్టర్‌లో బ్లేడు పై నుంచి కిందికి దిగుతుంది, మెరుగు పైకి పెడితే చాలు. ఎల్ ఆకారానికి ముందుగా లోపలి మూలలో 6 మి.మీ. డైమండ్ బిట్‌తో రంధ్రం వేసి, రెండు కోతలూ ఆ రంధ్రంలో ముగించండి. చీలిక మొదలయ్యేది ఆ పదునైన మూల నుంచే.

ప్రశ్న: మా వీధిలో సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది. టేబుల్ కట్టర్ స్విచ్చి వేస్తే మూలుగుతుందేగానీ తిరగదు. ఇంకోటి, తడి చేతులతో పని కదా, షాకు భయం. ఎంసీబీ ఉంది, చాలదా? (పుత్తూరు)

జవాబు: మూలుగు వినగానే స్విచ్చి ఆపేయండి. ఇండక్షన్ మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చే అంకెను) బట్టి ఉంటుంది. 230 ఉండాల్సిన చోట 180 వస్తే మొదలయ్యే బలంలో నూటికి అరవయ్యే మిగులుతుంది. తిరగని మోటారు మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు తాగుతుంది, నిమిషంలోనే లోపలి వైరు చుట్ట మాడొచ్చు. వోల్టేజీ బాగున్న పగటిపూట కూడా మూలిగితే కెపాసిటర్ పోయి ఉంటుంది. పాతదాని మీదున్న మైక్రోఫ్యారడ్ అంకె, వోల్టేజీ అంకె చూసి అలాంటిదే వేయించండి. చౌకలో అయిపోయే రిపేరు.

పొడుగు వైరు కూడా వోల్టేజీని తింటుంది. ఇరవై మీటర్ల ఎక్స్‌టెన్షన్‌కు 1.5 చదరపు మి.మీ. కన్నా తక్కువ రాగి వైరు వద్దు, అంతకన్నా పొడుగైతే 2.5 వేయండి. రీలులో చుట్టే ఉంచి వాడితే వైరు వేడెక్కుతుంది, మొత్తం విప్పేయండి.

షాకు విషయంలో ఎంసీబీని నమ్ముకోవద్దు. అది వైరును కాపాడేది, మనిషిని కాదు. ఒంట్లోంచి పారే కొద్దిపాటి కరెంటు దానికి లెక్కే కాదు. కావాల్సింది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కొంచెం పక్కకు కారినా సప్లై ఆపేసే స్విచ్చి. మీ బోర్డులో ఉన్నదాని మీద 30 అనే ఉందో, 100 లేదా 300 ఉందో చూడండి. ఆ పెద్ద అంకెలవి మనుషుల రక్షణకు చాలవు. పని మొదలుపెట్టే ముందు దాని టెస్టు బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. టేబుల్ కట్టర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు, పనిచేసే ఎర్తు తప్పనిసరి. చేతి కట్టర్ మీద చతురస్రంలో చతురస్రం గుర్తుంటే దానికి రెట్టింపు ఇన్సులేషన్ ఉన్నట్టు, రెండు పిన్నులే ఉన్నా తప్పు కాదు. ఆర్‌సీసీబీ మాత్రం దానికీ కావాలి. వైరు సాకెట్‌కు నేరుగా పోకుండా ముందు కిందికి వేలాడి, మళ్ళీ పైకెక్కేట్టు ఉంచండి. వైరు వెంబడి జారిన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

ప్రశ్న: నాలుగంగుళాల గ్రైండర్ ఉంది. డైమండ్ బ్లేడు వేసి, పక్కన ఒకరు నీళ్ళు పోస్తే పని జరగదా? (పలమనేరు)

జవాబు: వద్దు. గ్రైండర్ గాలి రంధ్రాలు ఎగిరే బురదను లోపలికి పీలుస్తాయి. నీళ్ళతో పనికి చేసిన మిషన్ కాదది. దానితో కోయాల్సి వస్తే నీళ్ళు వద్దు, బయట గాలిలో, ఎన్95 మాస్కుతో ఒకటి రెండు ముక్కలకు పరిమితం చేసుకోండి. టైల్ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. చేతిరుమాలు దాన్ని ఆపదు.

ప్రశ్న: వంటింటి గట్టుకు కుప్పం గ్రీన్ గ్రానైట్ తెచ్చాం. సింకు రంధ్రం టేబుల్ కట్టర్‌తో వస్తుందా? (కుప్పం)

జవాబు: రాదు. 20 మి.మీ. మందం, రెండడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు బండ అరవై కిలోలు తూగుతుంది, చిన్న టేబుల్ మోయలేదు. పైగా మధ్యలో రంధ్రం కోయడానికి బ్లేడు పై నుంచి దిగాలి. చేతి మార్బుల్ కట్టర్‌కు గ్రానైట్ బ్లేడు వేసుకోండి. 110 మి.మీ. బ్లేడు ముప్పై మిల్లీమీటర్లకు పైగా లోతు పోగలదు గానీ ఒకేసారి దించకండి. ఐదారు మిల్లీమీటర్ల చొప్పున నాలుగు విడతల్లో, నీళ్ళు పోస్తూ కోయండి. నాలుగు మూలల్లో ముందే రంధ్రాలు వేయండి. లోపలి ముక్క కింద చెక్క దన్ను పెట్టండి. చివరి కోత తెగగానే అది పడిపోతూ పక్కనున్న సన్నని పట్టీని కూడా విరిచేస్తుంది. సింకు ముందు వెనక మిగిలే ఆ పట్టీలే బండ మొత్తానికి బలహీనమైన చోటు, మోసేటప్పుడు కూడా బండను పడుకోబెట్టకుండా పొడుగు అంచు మీద నిలబెట్టే ఎత్తండి.

ప్రశ్న: నీళ్ళు ఎన్ని కావాలి? ఆ బురదను ఏం చేయాలి? (రేణిగుంట)

జవాబు: టేబుల్ కట్టర్‌లో బ్లేడు అడుగు అంచు, వజ్రపు పట్టీ మొత్తం మునిగేదాకా తొట్టిలో నీళ్ళుండాలి. కోసేకొద్దీ చిమ్మిపోతాయి కాబట్టి రెండు మూడు టైల్సుకోసారి చూసుకోండి. చేతి కట్టర్‌కు ఇరవై లీటర్ల క్యాను ఎత్తున పెట్టి, సన్నగొట్టం ముక్కుకు తగిలిస్తే రెండో మనిషి అక్కర్లేదు. కోత నుంచి కారేది మజ్జిగలా పలచగా ఉంటే నీళ్ళు సరిపోతున్నట్టు. పెరుగులా చిక్కబడితే చాలడం లేదు. తొట్టిలో నీళ్ళు అలా చిక్కబడ్డా మార్చేయాలి, ఆ మడ్డే బ్లేడు పక్కలను అరగదీస్తుంది.

బాత్రూమ్ కాలువలో మాత్రం పోయకండి. పైపు వంపులో పేరుకుని సిమెంటులా గట్టిపడుతుంది, తర్వాత కడ్డీతో పొడిచినా రాదు. బకెట్టులో పోసి రాత్రంతా కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైనున్న తేట నీళ్ళు మళ్ళీ తొట్టిలోకే పోసుకోవచ్చు. అడుగు మడ్డిని పాత సిమెంటు సంచిలో ఆరబెట్టి కట్టడపు చెత్తతో పాటు పంపించండి. పని అయిపోయిన సాయంత్రమే తొట్టి కడిగి, బ్లేడు విప్పి, షాఫ్టు మీద రెండు చుక్కలు నూనె వేయండి. నాలుగు రోజులు తడిగా వదిలేసిన మిషన్‌కు బ్లేడు నట్టు తుప్పు పట్టి, తర్వాత పానా వేసినా తిరగదు.